అంచు లేని గొట్టం

సిరిసిల్ల
9 ఫిబ్రవరి 2025

కోరుట్ల బావకు సిరిసిల్ల బామ్మర్ది శనార్తులు.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని అడగకు. మీ ఇంట్లో ఫోను మోగగానే రాధక్క స్పీకరు పెడుతుంది. మా ఇంట్లో నేను మాట్లాడుతుంటే హేమలత పక్కన కూర్చుని నా మాటలు నాకే అందిస్తుంది. పెళ్ళాలు వినకుండా రెండు ముక్కలు మాట్లాడుకోవాలంటే, నువ్వు షార్జాలో పైపులు బిగించిన రోజుల్లో రాసుకున్న ఉత్తరాలే నయమనిపించింది. దీన్ని అక్కకు చూపించకు.

సంగతేమిటంటే, నా కాళ్ళు వాచాయి. రెండూ. సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు. పొద్దంతా మరమగ్గపు సాంచల దగ్గర నిలబడేవాడికి కాళ్ళు వాచక చెవులు వాస్తాయా అని మొదట పట్టించుకోలేదు. మరమగ్గం పట్టిన మా వాడకట్టులో ఎవరిని అడిగినా కాళ్ళ గురించే చెబుతారు. కానీ ఇప్పుడు వాపు తొడల దాకా ఎక్కింది. మా దగ్గర పనిచేసే తంగళ్ళపల్లి రమేశ్ చూసి "అన్నా, గిది బోదకాలే, మా పెద్దనాయినకు గిట్లనే మొదలైంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని హేమలత నెత్తురు పరీక్ష చేయించింది. అందులో ఏమీ లేదు. ఇక్కడి డాక్టరు కాలి నరంలో నెత్తురు గడ్డకట్టి ఉంటుందని, పలచబడడానికి గోళీలు రాశాడు. మింగుతున్నాను.

ఇంకో సంగతి. పొట్ట మీద నీలం పోగుల్లా నరాలు తేలాయి. ముసలితనం కాబోలు. నీకూ ఉన్నాయేమో అద్దంలో చూసుకుని రాయి.

సర్కారు చీరల ఆర్డరు వస్తుందంటున్నారు. వస్తే మూలన పడ్డ సాంచలు కూడా నడుస్తాయి.

నీ బామ్మర్ది
రాజలింగం


కోరుట్ల
16 ఫిబ్రవరి 2025

సిరిసిల్ల ఆసామికి కోరుట్ల పైపుల మేస్త్రీ దీవెనలు.

మాట్లాడితే "అచ్చిన, పోయిన" అంటావు, కలం పట్టగానే బడిపంతులువి అవుతావు. నీ ఉత్తరం చదువుతుంటే లేచి నిలబడాలనిపించింది.

అక్కకు చూపించవద్దన్నావు. పోస్టుమాన్ ఎవరి చేతిలో పెడతాడనుకున్నావు? మీ అక్క విప్పి, చదివి, కళ్ళు తుడుచుకుని, అన్నం మెతుకుతో మళ్ళీ అంటించి నాకిచ్చింది. పైగా "మా తమ్ముడు ఏం రాసిండు" అని ఏమీ ఎరగనట్టు అడిగింది. ఆమె లెక్కలో నీది బోదకాలే. పరీక్షలో రాలేదంటే పరీక్షదే తప్పు. నువ్వు సిగ్గుపడి నరమనీ నెత్తురనీ కతలు చెబుతున్నావట. వేపాకు, పసుపు నూరి డబ్బా పంపుతోంది. కోరుట్ల పసుపు, కల్తీ లేదు. పూసుకుంటావో, దాచుకుంటావో నీ ఇష్టం.

పొట్ట చూసుకున్నాను. నాకు నరాలు లేవు, మడతలే ఉన్నాయి. చిక్కినవాడికి నరాలు తేలుతాయి, నాలాంటి వాడికి మునుగుతాయి. దాని గురించి బెంగపడకు.

గోళీలతో తగ్గకపోతే జగిత్యాలలో నవనీత అని డాక్టరమ్మ ఉంది, అక్కడికి పో. వాళ్ళింటికి బోరు లైను నేనే వేశాను. మనిషిని చూడకుండా మందు రాయదని పేరు.

నువ్వు నీ కాళ్ళతో మెట్లెక్కి వస్తావని మీ అక్క అప్పుడే కొండగట్టు అంజన్నకు మొక్కేసింది. నిన్నొక మాట అడగకుండా నీ కాళ్ళను తాకట్టు పెట్టింది.

ఉంటాను.
రాజం


సిరిసిల్ల
20 ఏప్రిల్ 2025

బావకు శనార్తులు. నిదానంగా కూర్చుని చదువు. అక్క ఎట్లాగూ ముందే చదివి ఉంటుంది, ఆమె కూడా మళ్ళీ కూర్చోవచ్చు.

గోళీలతో తగ్గలేదు. నువ్వు మెట్‌పల్లి పనిలో ఉన్నావని నేనూ హేమలతా జగిత్యాల బస్సెక్కాం. నవనీత డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసి, అంగీ పైకెత్తమంది. హేమలత ఊరుకోదు కదా, "మేడం, వాపు కాళ్ళకు" అంది.

"రెండు కాళ్ళు ఒక్కతీరుగ వాచినయంటే తప్పు కాళ్ళల్ల లేదమ్మా. కాళ్ళ నెత్తురు పైకి పొయ్యే తొవ్వల ఉన్నది" అంది ఆమె. నా పొట్ట మీది నరాలను వేలితో చూపించింది. "పెద్ద తొవ్వ బందైతే జనం సందులల్లకెళ్ళి పోతరు సూడు. గీ నరాలు గవే సందులు."

రంగు మందు ఎక్కించి పెద్ద స్కానింగు తీశారు. కాళ్ళ నుంచి గుండెకు నెత్తురు మోసే అతి పెద్ద నరం ఒకటి వెన్నెముక పక్కనే పోతుందట. అందులో, కిడ్నీలకు కొంచెం కింద, ఏదో అడ్డం ఉంది. డాక్టరమ్మ ఆ బొమ్మను రెండుసార్లు చూసింది. తర్వాత అంది, "ఉత్త నెత్తురు గడ్డకు రంగెక్కది. దీనికి ఎక్కింది. అంటే దీనికి పానమున్నది. ఇది కణితి."

పోగులకు రంగులద్దే ఊరివాడిని. ఇంకెవరేం చెప్పినా అర్థమయ్యేది కాదేమో గానీ ఆ మాట మాత్రం సూటిగా దిగింది.

హైదరాబాదు పంపింది. అక్కడ మెడ దగ్గరి నరంలోంచి సన్నని తీగ దింపి కణితి ముక్క తీశారు. పరీక్షలో తేలింది, ఆ పెద్ద నరం గోడలోని కండలోంచే పుట్టిందట. క్యాన్సరే. లక్షల మందిలో ఒకరికి వస్తుందట. లాటరీలో ఏనాడూ తగలనివాడికి ఇది తగిలింది. నా ఒక్కడి గురించి డాక్టర్లంతా ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. అదృష్టం ఏమిటంటే ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకలేదు. శైలజ అని రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ, కణితితో పాటు ఆ నరం ముక్కనే కోసేసి, ఆ చోట గొట్టం వేసి కుడతామంది. చేయకపోతే ఏమవుతుందని హేమలత అడిగింది. పైకి పాకుతుందట, గుండె దాకా.

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. చీరల ఆర్డరు కూడా వచ్చింది. అది కానీ, చూద్దాం.

రాజలింగం


కోరుట్ల
25 ఏప్రిల్ 2025

రాజలింగానికి.

ఈసారి దీవెనలు లేవు.

లోపల లైను పాడైందని, ముక్క కోసి కొత్తది వేస్తామని చదువుకున్న మనిషి చెబితే ఆలోచించి చెబుతానని వచ్చావా? నువ్వు ఆలోచించేదాకా కణితి ఆగుతుందా? పొట్ట మీద నరాలని నువ్వు రాసినప్పుడు మడతల కతలు చెప్పిన మొద్దును నేను. మెయిన్ లైను బందైతే నీళ్ళు పక్క లైన్లు వెతుక్కుంటాయని తెలిసీ నాకు తట్టలేదు. ఆ కోపం కూడా కలిపి నీ మీదే తీర్చుకుంటున్నాను, భరించు.

నీ సంగతి నాకు తెలుసు. మా పెళ్ళిలో యాటను కోస్తుంటే పెరటి గోడ దూకి పారిపోయావు. మీ నాన్న వెతికించి తెచ్చాడు. కత్తంటే నీకు భయం. ఆర్డరు, చీరలు అని వంకలు పెట్టకు. నువ్వు పోతే ఆ చీరలు కట్టుకుని ఎవరు సంబరపడతారు?

మీ అక్క నాతో మాట్లాడడం లేదు. నీ మీది అలక కూడా నా మీదే. "తమ్మునికి జెప్పి ఒప్పియ్యరాదు, బావవేం బావవు" అంటోంది. అన్నం మాత్రం పెడుతోంది.

పిరికివాడి బావ
రాజం


సిరిసిల్ల
3 మే 2025

బావా,

నేను పిరికివాణ్ణి కాదు. యాట సంగతి వేరు, దాన్ని నేను పెంచాను.

అసలు మాట హేమలతకు కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను. శైలజ డాక్టరమ్మను నేనొక్క ప్రశ్నే అడిగాను. "అమ్మా, గా గొట్టం దేంతోని జేస్తరు?" ఆమె చెప్పింది, "పాలిస్టర్‌తోని. నేసిన గొట్టమే."

అంటే నేను నేసేదే.

బావా, ముప్పై ఏళ్ళుగా నేను పాలిస్టర్ నేస్తున్నాను. దాని సంగతి నన్ను అడుగు. నాలుగు ఉతుకులకు బొబ్బలు లేస్తుంది. కుట్టు దగ్గర లాగితే పోగు జారుతుంది. ఒక పోగు జారితే పక్కది దానికి దారి ఇస్తుంది. నా చేత్తో నేసిన లంగా గుడ్డను హేమలత కట్టుకోనంటుంది, నేనూ కట్టుకోమనను. అలాంటిది నా కడుపులో పెట్టి కుట్టి, ఒంట్లో సగం నెత్తురు దానిలోంచి పోనిస్తామంటే ఎట్లా ఒప్పుకోను? తినేవాడికి తెలియకపోవచ్చు, వండేవాడికి తెలియదా?

ఆ డాక్టరమ్మకు ఈ మాట ఎట్లా చెప్పను? నేను నేసినదాని మీద నాకే నమ్మకం లేదని చెప్పాలి కదా. సిగ్గేసింది. ఆర్డరు ఉందని చెప్పి వచ్చాను.

చస్తే నా నరంతోనే చస్తాను. ఇంకొకడి నాసిరకం గుడ్డతో చావను.

రాజలింగం


కోరుట్ల
12 మే 2025

బామ్మర్దికి దీవెనలు, ఈసారి రెండు రెట్లు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. మీ అక్క చీపురు పట్టుకుని చూసింది. తర్వాత నవ్వు ఆగింది. పిరికివాడని రాసినందుకు ఏమనుకోకు.

మీ అక్కకు చుట్టాలింటికని చెప్పి హైదరాబాదు పోయాను. శైలజ డాక్టరమ్మ పేషంట్లందరినీ చూసేదాకా బయట బల్ల మీద కూర్చున్నాను. నా వంతు రాగానే నాకు ఏ రోగమూ లేదని, బామ్మర్ది ఉన్నాడని చెప్పాను. నువ్వు రాసిందంతా చెప్పాను, లంగా గుడ్డ తప్ప. ఆమె నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"గిన్నేండ్లల్ల అందరు ఆపరేషన్ ఎంతసేపు అనే అడిగిండ్రు. ఎట్ల నేసిండ్రని అడిగినోళ్ళు లేరు. నేనే సక్కగ జెప్పాల్సుండె" అంది. పేరుకు పాలిస్టరే గానీ చీర కోసం నేసేది వేరు, మనిషి కోసం నేసేది వేరు అని చెప్పింది. నాకు ఎంత చెబితే ఏం లాభం, నేను బట్టలు కట్టుకునేవాణ్ణే గానీ నేసేవాణ్ణి కాదు. ఆ మాటే అన్నాను. అప్పుడామె బీరువా తెరిచి ఒక గొట్టం ముక్క తీసింది. వాడాల్సిన గడువు దాటిపోయిందట, మనుషులకు పెట్టరు, డాక్టరు చదివే పిల్లలకు చూపించడానికి ఉంచుకుంది. "ఆయిన్నే సూసి చెప్పమనుండ్రి" అని నా చేతిలో పెట్టింది.

బస్సులో పైపుల మేస్త్రీగా నేను చూశాను. చుట్టూ వలయాలున్నాయి. నొక్కితే అణగదు, వంచితే మడత పడదు. పైపుగా నాకు వంక దొరకలేదు. బట్టగా నువ్వు చూడు. బస్సు పార్సిలులో వేశాను, సిరిసిల్ల బస్టాండులో తీసుకో.

నీకు నచ్చలేదని రాస్తే మళ్ళీ నిన్ను అడగను. మీ అక్కను కూడా అడగనివ్వను. ఇది రాయడానికి నాకెంత కష్టమైందో నీకు తెలియదు.

రాజం


సిరిసిల్ల
19 మే 2025

బావా,

పార్సిలు అందింది. తలుపేసుకుని చూశాను.

ముందు కోసిన కొసను సూదితో గీకాను. మా గుడ్డయితే ఆ దెబ్బకు పోగులు జడలు విప్పుకుని వచ్చేవి. ఇది రాలేదు. రాయి మీద రుద్దాను. ఏటవాలుగా లాగాను. భూతద్దం పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాను, పడుగూ పేకా ఎక్కడా ఒకదాన్నొకటి తోసుకోలేదు. ఏదో పూత కూడా పూశారు. ఒక కొస ముడిచి పట్టుకుని నీళ్ళు పోశాను. చుక్క కారలేదు.

తర్వాత అతుకు కోసం వెతికాను. గొట్టమన్నాక ఎక్కడో ఒకచోట అంచూ అంచూ కలిపి కుట్టాలి కదా. జారితే అక్కడే జారాలి. వేలితో చుట్టూ తడిమాను. అతుకు లేదు. అంచే లేదు. రమేశ్‌ను పిలిచి వెతకమన్నాను. వాడూ అటు తిప్పి ఇటు తిప్పి "అన్నా, గిది ఎక్కడ మొదలైందే" అన్నాడు. రెండు పొరలు ఒకేసారి నేస్తూ, పేక పోగును మోసే నాడె పై పొరలోంచి కింది పొరలోకి తిరిగి వచ్చేట్టు చేశారు. పని తెలుసు, కానీ ఒక్క పోగు తప్పకుండా ఇంత సన్నగా చేయడం నేను చూడలేదు.

ఇన్నాళ్ళూ పాలిస్టర్‌ను తిట్టాను బావా. తప్పు పోగుది కాదు. ఎంత తొందరగా దించితే అంత మేలని మేం నేసిన తీరుది. ఇది నేసినవాడు ఏ దేశంవాడో, వాడికి పెళ్ళాం పిల్లలున్నారో లేదో, ఆ రోజు మాత్రం వాడు తొందరపడలేదు.

హేమలతకు అంతా చెప్పాను. అరగంట తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత అన్నం పెట్టింది. రేపు డాక్టరమ్మకు ఫోను చేస్తాను. నాకు భయం లేదు. ఇంత మంచి బట్ట ఒంటి మీద వేసుకునే యోగం ఏ నేతగాడికీ రాలేదు, నాకు ఒంటి లోపలే వచ్చింది.

ఒక్కటే షరతు. నేను లేనప్పుడు సాంచలు ఆగకూడదు. హేమలత నాతో ఉంటుంది. నువ్వూ అక్కా వచ్చి మా ఇంట్లో ఉండండి.

రాజలింగం


సిరిసిల్ల
13 జూన్ 2025

హైదరాబాదు ఆస్పత్రిలో రాజభోగాలు అనుభవిస్తున్న బామ్మర్దికి,

నీ కుర్చీలో కూర్చుని, నీ కలంతోనే రాస్తున్నాను. నీకు బాగా మెలకువ వచ్చాక హేమలత చదివి వినిపిస్తుంది.

నిన్న పొద్దున నిన్ను లోపలికి తీసుకుపోయారని ఫోను రాగానే నాకు కాలు నిలవలేదు. సాంచల మోతలో ఫోను వినపడదేమోనని చెవికి ఆనించుకునే తిరిగాను. మధ్యాహ్నానికి రమేశ్ చూడలేక అన్నీ బంద్ చేశాడు. పక్క షెడ్ల వాళ్ళు ఎందుకు ఆపారని వచ్చారు, సంగతి తెలిసి వాళ్ళూ పోయి ఆపి వచ్చారు. మీ వాడకట్టులో ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడడం నేను మొదటిసారి చూశాను. అందరూ నీ గుమ్మంలో కూర్చున్నారు. మీ అక్క అంజన్న ఫోటో ముందు నుంచి లేవలేదు.

సాయంత్రం హేమలత ఫోను. ఈసారి స్పీకరు నేనే పెట్టాను. "అన్నా, కణితి మొత్తం తీసిండ్రట. గొట్టంల నుంచి నెత్తురు మంచిగ పోతున్నదట" అంది. అంతే, ఇంకేమీ వినపడలేదు. అందరం అరిచాం. మీ అక్క లేచి వచ్చి, ఏమనుకుందో ఏమో, తన చేత్తోనే సాంచల మీటలు వేసింది. మోత మళ్ళీ మొదలైంది. ఆ మోత నాకెన్నడూ ఇష్టం లేదు, నిన్న ఇష్టమైంది.

నేను కూడా పని చేస్తున్నాను. తెగిన పోగు ముడి వేయబోయి పక్కవి కూడా తెంపాను. రమేశ్ చాలా మర్యాదగా "నువ్వు చాయ్ తాగి రా బావా" అని పంపేశాడు. ఇప్పటికి రోజంతా చాయే తాగుతున్నాను.

రాజం


హైదరాబాదు
25 జూన్ 2025

బావకు, అక్కకు శనార్తులు. దాపరికం లేదు కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

నా చీలమండలు మళ్ళీ కనపడ్డాయి. పొద్దున దుప్పటి తీసి చూస్తే ఎవరివో అనుకున్నాను. నిన్న వరండా చివరి దాకా నడిచాను. హేమలత పక్కన నడుస్తూ ప్రతి అడుగూ తనే వేయించినట్టు అందరికీ చెబుతోంది.

తీసిన ముక్కను పరీక్షించారు. కణితి చుట్టూ కోసిన చోట ఎక్కడా రోగం మిగల్లేదట. కిడ్నీలు రెండూ భద్రం. శైలజ డాక్టరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని "మరి, మా బట్ట ఎట్లున్నది" అని అడిగింది. "సూసినప్పుడు సగమే ఎరుకైందమ్మా, కట్టుకుంటే మొత్తం ఎరుకైంది" అన్నాను. నవనీత డాక్టరమ్మకు ఆమే ఫోను చేసి ఇచ్చింది. అటు నుంచి ఆమె "పొట్ట మీద నరాలు పోయినయా" అంది. పోలేదు గానీ సన్నబడుతున్నాయని చెప్పాను. నా అంగీ ఎత్తించింది ఆమె కదా. ఎత్తించకపోతే నేనింకా పసుపు పూసుకుంటూ ఉండేవాణ్ణి.

ఇది ఇంతటితో అయిపోయిందని అనుకోవద్దన్నారు. కొన్నేళ్ళు స్కానింగులు తీస్తూనే ఉండాలి, గోళీలు మింగాలి. మింగుతాను.

నా సాంచలను ముట్టుకోకు బావా. చాయ్ తాగు.

రాజలింగం


సిరిసిల్ల
16 నవంబరు 2025

బావకు శనార్తులు.

కొండగట్టులో సగం మెట్ల మీద కూర్చుని రొప్పింది ఎవరో ఊరంతా చెబుతున్నాను. కొత్త గొట్టం వేయించుకున్నవాడు పైన కొబ్బరికాయ కొట్టాడు, గొట్టాలు వేసే మేస్త్రీ కింద సోడా తాగాడు. అక్క మొక్కు మాత్రం తీరింది, నా కాళ్ళు తాకట్టు విడిచాయి.

స్కానింగు తీశారు. గొట్టం తెరుచుకునే ఉంది, కణితి జాడ ఎక్కడా లేదు. హేమలత ఆ ఫిల్మును దేవుడి గూట్లో పెట్టింది.

ఒక పార్సిలు వేశాను, తీసుకో. పని లేని సాంచ ఒకటి విప్పి, రమేశూ నేనూ కుస్తీ పట్టాం. ఎన్నిసార్లు పాడు చేశామో అడగకు. చివరికి వచ్చింది. పాలిస్టరే. చుట్టూ తడిమి చూడు, అతుకు లేదు, అంచు లేదు. ఈ ముప్పై ఏళ్ళలో తొందరపడకుండా నేసిన బట్ట ఇదొక్కటే. ఎందుకూ పనికిరాదు, తెలుసు. అయినా మొదటిది నీకే పంపాలనిపించింది. బట్టగా నేను చూశాను. పైపుగా చూడాల్సింది నువ్వు.

రాజలింగం


కోరుట్ల
22 నవంబరు 2025

నా బామ్మర్దికి,

కొండగట్టులో నేను రొప్పలేదు, మీ అక్కకు తోడుగా ఆగాను. ఆమె ముందుగా పైకి పోయిన సంగతి తర్వాత తెలిసింది.

నీ గొట్టం అందింది. చుట్టూ తడిమాను. మీ అక్క తడిమింది. పక్కింటివాళ్ళను పిలిచి తడమమంది. అతుకు ఎవరికీ దొరకలేదు.

పైపుగా చూడమన్నావు కాబట్టి చూశాను. ఏ లైనైనా బిగించాక నీళ్ళు వదలకుండా నేను సంతకం పెట్టను. ఒక కొసను బోరు మోటారుకు బిగించాను, రెండో కొస మూశాను, స్విచ్ వేశాను. బామ్మర్దీ, అది కారలేదు, కురిసింది. నేను తడిశాను, గోడ తడిసింది, మీ అక్క ఆరేసిన మిరపకాయలు తడిశాయి. నాకు పడ్డ తిట్లు నీకు పంపాలంటే ఇంకో పార్సిలు కావాలి.

కానీ మోటారు ఆపి గొట్టాన్ని పిండి చూశాను. ఒక్క పోగు జారలేదు. దండెం మీద ఆరేశాను. గాలికి అది నిండుకుని లేస్తుంటే మీ అక్కా నేనూ చాలాసేపు చూస్తూ నిలబడ్డాం. ఆమె ఏడ్చింది. ఈసారి నేను కూడా దాచుకోలేదు.

మేస్త్రీగా నా మాట ఇదిగో, రాసి ఇస్తున్నాను. నువ్వు నేసింది కారుతోంది. నీ లోపలిది కారడం లేదు. నాకది చాలు.

నీ బావ
రాజం